పసరు తీసిన నీళ్లు

ఎనభై ఎనిమిది వానాకాలంలో మా మామ ఆశీర్వాదం మమ్మల్ని బొగ్గుగనుల ఊరైన మందమర్రికి తీసుకుపోవడానికి వచ్చాడు. ముసురు పట్టి ఉంది. పెద్దపల్లి నుంచి వచ్చే బస్సు దిగి, కాలువకట్ట మీద తడుసుకుంటూ నడుస్తున్నాడు. కొంచెం నడవడం, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోవడం, మళ్ళీ నడవడం. నేను గుమ్మంలో నిలబడి చూస్తూ, ఆయన దారి తప్పాడేమో అనుకున్నాను. కాదు, ఊపిరి అందక ఆగుతున్నాడు.

ఇంట్లోకి వచ్చి తల తుడుచుకుంటూనే మా ఆయనతో అన్నాడు.

"సామాను సదురు మొగిలీ. బతుకమ్మ పండుగ ఎల్లంగనే నన్ను డాక్టర్ల ముంగటికి పిలుస్తరట. ఇగ నేను బాయిపనికి పనికిరానని రాస్తరు. నా జాగల నువ్వు దిగాలె."

"ముందుగాల చాయ్ తాగు బాపూ."

"చాయ్ తాగుత. నువ్వు జవాబు చెప్పు."

"నాకు గీడ పని ఉన్నది గద."

"గదొక పనా?" మామ నవ్వబోతే దగ్గు వచ్చింది. అది తగ్గేదాకా ఆగి అన్నాడు. "కాల్వల నీళ్ళున్నన్నాళ్ళే నీ పని. నీళ్ళు బందయితే నువ్వు సుత బందే. బొగ్గుబాయి బందయితదారా? నేను పుట్టకముందే ఉన్నది. నువ్వు సచ్చినంక సుత ఉంటది."

మా ఆయన చాయ్ గ్లాసు వాళ్ళ నాన్న ముందుకు జరిపాడు.

మామ అన్నదాంట్లో తప్పు లేదు. ఆయన బాయి దిగడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆ ఇల్లు దాని మీదే నిలబడింది. క్వార్టరు, నల్లా నీళ్ళు, దవాఖాన, మా అత్తమ్మ ఎలీసబెతు ఆదివారం తెల్లచీర కట్టుకుని పాటలు పాడే చర్చి, అన్నీ ఆ పని వెంట వచ్చినవే. కొడుకు పనిలో చేరితే క్వార్టరు నిలుస్తుంది, లేకపోతే ఖాళీ చేయాలి. బాయిపని కొడుక్కు రావడమంటే మందమర్రిలో పొలం రావడం లాంటిది. మా ఆయన ఐటీఐ చదివి ఇటు వచ్చాడు. కాలువ ఒక్కసారిగా కిందికి దూకే చోట చిన్న కరెంటు స్టేషన్ కడుతుంటే కంట్రాక్టరు దగ్గర కూలీగా చేరాడు. కట్టడం అయ్యాక మిషన్ల దగ్గర సాయానికి ఉంచుకున్నారు. పర్మనెంటు చేస్తామని అన్నవాళ్ళున్నారు గాని, చేసినవాళ్ళు లేరు.

మరునాడు నేను మా ఆయనకు సద్ది తీసుకుని పోతుంటే మామ కూడా వెంట వచ్చాడు. స్టేషన్ చూసి ఆయన మొహం చిన్నబోయింది. ఊళ్ళో బడి కంటే చిన్న కట్టడం. పొగగొట్టం లేదు, బూడిదకుప్ప లేదు.

"గింతేనా? బొగ్గు ఏడ పోస్తరు?"

"బొగ్గు లేదు బాపూ. నీళ్ళే."

లోపల గచ్చు పాదాల కింద సన్నగా వణుకుతోంది. మామ చెప్పులు విడిచి ఉత్తకాళ్ళతో నిలబడ్డాడు. చాలాసేపు మిషన్ వైపే చూశాడు.

"ముప్పయ్యేండ్లు బొగ్గు తవ్విన. ఆ బొగ్గుతోని కరెంటు తీస్తరని విన్నగని, కరెంటు పుట్టంగ చూసుడు గిదే మొదలు," అన్నాడు. తర్వాత బయటికి వచ్చి, కింద నురుగులు కక్కుతూ పోతున్న నీళ్ళను చూపించి అడిగాడు. "పని జేసినంక గివి యాడికి పోతయి?"

"కొమురవ్వ మడికి. ఆ ఎనుక అందరి మడులకు."

"మా బొగ్గయితే బూడిదయితది," అని మామ చెప్పులు తొడుక్కున్నాడు.

రెండు రోజులుండి పోదామని వచ్చినవాడు పోలేదు. కొడుకు ఒప్పుకునేదాకా కదలనని పైకి అన్నాడు. అసలు సంగతి నాకు తెలుసు. ఆ కట్ట మీది గాలికి ఆయన దగ్గు తగ్గింది. కడుపునిండా అన్నం తింటున్నాడు.

*

కొమురవ్వ మడి స్టేషన్‌కు సరిగ్గా దిగువన ఉండేది. మొగుడు పోయినా ఎవరికీ కౌలుకు ఇవ్వకుండా తానే వ్యవసాయం చేసుకునే మనిషి. మేము కాపురం పెట్టిన రోజు నుంచి మాకు పాలు పోసేది ఆమే. నాటు వేసేటప్పుడు నేను కూడా ఆమె మడిలో దిగాను. మా అమ్మానాన్నలు వేములవాడ దిక్కు పొలాల్లో కూలికి పోయినవాళ్ళు. నారు చేతిలో పట్టుకుంటే నాకు పుట్టింట్లో ఉన్నట్టు ఉంటుంది.

ఒక పొద్దున గిన్నె తీసుకుని పోతే ఆమె లేవలేదు.

"పాలు లెవ్వు పిల్లా."

బర్రె అక్కడే కట్టేసి ఉంది. కడవలో నురుగు కనిపిస్తూనే ఉంది.

"ఏమైంది పెద్దమ్మా?"

"ఏమైందో నీ మొగున్ని అడుగు. నీళ్ళల్ల ఉన్న పసరంత మీ మిషన్ల పిండుకొని మాకు పిప్పి ఇడుస్తున్నరు. చెరుకు గానుగల పెట్టినంక పిప్పిల తీపి ఉంటదా? నా మడి సూస్తివా? పసుపు పూసినట్టున్నది. మీ మిషన్ పైన దయాకర్‌రావు పొలం సూడు, సిలుక రెక్కలెక్క ఉన్నది."

నేను పోయి చూశాను. ఆమె చెప్పింది నిజమే. నేను నాటిన చెట్లు కుచించుకుపోయి, ఆకులు పాలిపోయి ఉన్నాయి. ఖాళీ గిన్నెతో ఇంటికి వచ్చాను.

ఆ మాట ఊరంతా పాకింది. కరెంటు తీసిన నీళ్ళకు బలం ఉండదట. కొందరు ఆ నీళ్ళు బర్రెలకు కూడా తాపడం మానేశారు. దయాకర్‌రావు పైన కొంత, కింద కొంత భూమి ఉన్న ఆసామి. చదువుకున్నవాడే. నమ్మాడో, నమ్మినట్టు ఉన్నాడో గాని పదిమందిని వెంటేసుకుని స్టేషన్ మీదికి వచ్చాడు. మిషన్ల నుంచి కాకుండా నీళ్ళన్నీ పక్క గేటు నుంచి వదలాలన్నాడు. అట్లా వదిలితే మిషన్లు ఆగిపోతాయి. మా ఆయన పనీ అంతటితో సరి.

ఇంజనీరు మంచివాడేగాని ఆ రోజు నవ్వాడు. "నీళ్ళ నుంచి కరెంటు తీస్తే నీళ్ళకేం తక్కువైతదండి? మీరు సైకిలు దిగువకు పోనిస్తే రోడ్డుకేమన్నా నొప్పి పుడ్తదా?" అన్నాడు. పోలిక సరిగ్గానే ఉంది. నవ్వడమే బాగాలేదు.

"మా పంట మీద నగుతున్నవా సారు?" అన్నది కొమురవ్వ. "ఆదివారం దాక సూస్తం. ఆ ఎనుక గేటు మేమే ఎత్తుకుంటం."

*

ఆ సాయంత్రం ముగ్గురం పొయ్యి దగ్గర కూర్చున్నాం. మామ ఒక్క మాటే అన్నాడు. "ఊరు వద్దన్నకాడ పని జేసుడెందుకురా, నాతోని పా." మా ఆయన పుల్లతో బూడిద కదుపుతున్నాడు.

నాకు అనిపించింది చెప్పాను. "రెండు గోలేల్ల ఒక్కటే మట్టి పోసి, ఒక్కటే నారు నాటుదాం. ఒకదానికి పై నీళ్ళు, ఒకదానికి కింది నీళ్ళు. తేడా ఉంటే కండ్లవడ్తది గద."

"ఎవలు నమ్ముతరు? నీళ్ళు మనం పోస్తే మనమే మోసం జేసినమంటరు," అన్నాడు మా ఆయన.

"కొమురవ్వ ఇంటి ముంగట పెడ్దాం."

మామ నన్ను అప్పుడే కొత్తగా చూసినట్టు చూశాడు. "నీళ్ళు నేను మోస్త," అన్నాడు.

కొమురవ్వ ఒప్పుకున్నది గాని, మామను నమ్మలేదు.

"నేను దేవుని బిడ్డను అక్కా. అబద్ధమాడ," అన్నాడు మామ.

"దేవుని బిడ్డవైతే ఏంది, ఆ కరెంటోని బాపువు గద!"

అందుకని తానూ వెంట నడిచింది. ఊళ్ళోవాళ్ళను గడువు పొడిగించమని కూడా ఆమే అడిగింది. "గోలెం చెప్పేదాక ఆగుండ్రి. గోలేనికి సుట్టాలు లేరు," అన్నదట.

రోజూ పొద్దున ఇద్దరూ చెరో బిందె పట్టుకుని కట్ట మీద పోయేవాళ్ళు. మొదట్లో ముందొకరు, వెనకొకరు, ఒకరి మొహం ఒకరు చూడకుండా. పై నీళ్ళు ముంచుకున్నాక మామకు ఆయాసం వచ్చి కూలబడితే, కొమురవ్వ కొంత దూరాన నిలబడి కట్టకింది గడ్డి చూస్తూ ఉండేది. ఒకనాడు మాత్రం దగ్గరికి వచ్చి ఆయన బిందె తీసి తన రెండో చంకన పెట్టుకుంది.

"గింత పానం లేనోనివి ఎందుకు మోస్తున్నవయ్యా?"

"నా కొడుకు పని అక్కా."

"మరి వాన్ని బాయిలకు తోల్కపోదామని వచ్చిననంటివి?"

మామ ఏం జవాబు చెప్పాడో నాకు తెలియదు. వెనక గడ్డికోస్తున్న నాకు అక్కడిదాకే వినపడింది. ఆ తర్వాత ఇద్దరూ పక్కపక్కన నడిచారు. మర్నాటి నుంచి మా ఇంటికి మళ్ళీ పాలు వచ్చాయి.

నారు నాటుకుంది, పిలకలు వేసింది. రెండు గోలేల్లోనూ ఒక్క తీరుగా, చెయ్యి పెట్టి నిమరబుద్ధయ్యేంత పచ్చగా లేచింది.

*

గోలేలు చూడడానికి కొమురవ్వ వాకిట్లో జనం కూడారు. దయాకర్‌రావు వచ్చాడు. కంట్రాక్టరు మేస్త్రీ అంబదాస్ కూడా వచ్చి ఒక పక్కన బీడీ కాలుస్తూ నిలబడ్డాడు. ఇంజనీరు ఈసారి నవ్వకుండా చేతులు కట్టుకుని ఉన్నాడు.

"ఏది పై నీళ్ళదో ఏది కింది నీళ్ళదో మీరే చెప్పుండ్రి దొరా," అన్నది కొమురవ్వ.

దయాకర్‌రావు వంగి ఆకులు పట్టుకుని చూశాడు. ఇటు తిరిగి చూశాడు, అటు తిరిగి చూశాడు. చివరికి, "రెండూ మంచిగనే ఉన్నయి," అని తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు.

జనంలో నవ్వులు లేచాయి. ఇక అయిపోయిందనుకుని నేను ఊపిరి పీల్చుకున్నాను. కొమురవ్వ మాత్రం నవ్వలేదు.

"నీళ్ళది తప్పు లేదు, సరే. మరి నా మడికేమైంది? నేనేం పాపం జేసిన?"

గోలేల దగ్గర నుంచి అందరి కళ్ళూ ఆమె మీదికి మళ్ళాయి. ఇంతకుముందు నీళ్ళను అన్నవాళ్ళే ఇప్పుడు ఆమె చేతినే అంటారనిపించింది. ముండమోసినదాని చెయ్యి అన్న మాట ఊళ్ళలో పుట్టడానికి ఎంతసేపు!

అప్పుడు మా ఆయన ముందుకు వచ్చాడు.

"పెద్దమ్మా, మొన్న ఎండకాలం స్టేషన్ కింది కాల్వ ఎడల్పుకు తవ్వినప్పుడు ఎల్లిన మొరమంత నీ మడి గట్టుకు పోసినం. దూరం తోలాలని చెప్పిన్రుగని తోలలేదు. పోసినోళ్ళల్ల నేను సుత ఉన్న. వానకు గా మొరమే కొట్టుకొచ్చి నీ మడిల పరుసుకున్నది. మీద బురద కనవడ్తదిగని, జర లోతుకు చెయ్యి పెడితే మొరమే తగుల్తది. ఏరు దిగక చెట్టు గట్లయింది."

అంబదాస్ బీడీ కింద పడేశాడు. "ఏం మాట్లాడుతున్నవ్ మొగిలీ? ఎవల తిండి తింటున్నవ్ నువ్వు?"

"నీ తిండే తింటున్న అన్నా. మొరం పోసింది సుత మనమే," అన్నాడు మా ఆయన. గొంతు పెంచలేదు.

నేను మామ వైపు చూశాను. ఆయన కొడుకు వైపు చూడడం లేదు. నేల చూస్తున్నాడు. మెల్లగా పోయి గోలేల పక్కన కింద కూర్చున్నాడు.

మరునాడు ఇంజనీరు చెప్పులు చేతపట్టుకుని కొమురవ్వ మడిలో దిగాడు. ఎక్కడ చెయ్యి పెట్టినా గులకరాళ్ళ మొరమే వచ్చింది. గట్టు మీది కుప్పంతా ఎత్తించాడు. మడిలోది కోతలయ్యాక ఎత్తిస్తానని ఊరిముందు ఒప్పుకున్నాడు. ఊరు శాంతించింది, మిషన్లు ఆగలేదు. కాని అంబదాస్ మా ఆయనను పనిలోకి రావద్దన్నాడు.

*

పనిలేక ఇంట్లో కూర్చున్న మగవాణ్ణి చూడడం కష్టం. మా ఆయన పొద్దున లేచి, అలవాటు కొద్దీ కట్టదాకా పోయి తిరిగి వచ్చేవాడు. ఒక రోజు అట్లా వచ్చి తానే అన్నాడు.

"పోదాం పా బాపూ. నేనే దిగుత."

ఇన్నాళ్ళూ ఆ మాట కోసమే కాచుకుని కూర్చున్న మనిషి, ఎగిరి గంతేస్తాడనుకున్నాను. "ఇంక దినాలున్నయి తియ్యి," అని మామ అటు తిరిగి పడుకున్నాడు.

కొమురవ్వకు సంగతి తెలిసి, నలుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని ఇంజనీరు దగ్గరికి పోయింది. ఏమన్నదో ఆమె నోటితోనే విన్నాను. "నిజం చెప్పినోన్ని తీసేస్తే, రేపు మీ గేటు పలిగినా మీకు చెప్పెటోడు ఉండడు సారు." ఇంజనీరు మా ఆయనను కంట్రాక్టరు కింద కాకుండా రోజుకూలీ మీద తీసుకున్నాడు. "నీళ్ళున్నన్నాళ్ళు. ఆ ఎనుకటిది నేను మాట ఇయ్యలేను," అని ముందే చెప్పాడు.

ఆ కూలిని నమ్ముకుని సంసారం చేయడం కష్టమని మా ఆయనకు తెలుసు. అప్పటికి నాకు మూడో నెల. బతుకమ్మలు నీళ్ళల్లో వేశాక ముగ్గురం మందమర్రి బస్సెక్కాం. బాయిపనికి పేరు ఇచ్చేద్దామనే మా ఆయన బయలుదేరాడు.

మా అత్తమ్మ కోడిని కోసింది. కొడుకు అంగీని చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసింది. పొద్దున ప్రార్థన చేసి, ఇద్దరి తలల మీదా చెయ్యి పెట్టి పంపింది. ఉండబట్టక నన్ను తీసుకుని తానూ దవాఖానకు వచ్చింది. వరండాలో, కిటికీ పక్కన నిలబడ్డాం. లోపల డాక్టర్లు చూడడం అయిపోయి, మామ ఆఫీసు గుమస్తా బాబు టేబుల్ ముందు నిలబడి ఉన్నాడు. పక్కన ఇస్త్రీ అంగీలో మా ఆయన. వెనక ఇంకా చాలామంది తండ్రులూ కొడుకులూ.

"నీ జాగల ఎవరు?" అన్నాడు బాబు తల ఎత్తకుండా.

"ఎవ్వలు లేరు," అన్నాడు మామ.

బాబు తల ఎత్తాడు. "పక్కనున్నది నీ కొడుకే గద?"

"నా కొడుకే. ఆనికి పని ఉన్నది."

"సర్కారు పనా?"

"నీళ్ళ పని."

మా ఆయన, "బాపూ..." అన్నాడు. మామ వినిపించుకోలేదు.

"ఆలోచించుకో పెద్దమనిషీ. గీ నౌకరి కొరకు అన్నదమ్ములు కొట్టుకుంటున్నరు."

"ఆలోచించే వచ్చిన సార్."

అత్తమ్మ నా మోచేయి పట్టుకుంది. గోళ్ళు దిగబడ్డాయి.

ఇంటికి వచ్చాక అన్నది. నేను ఆమె గొంతు అంత పెద్దగా వినడం అదే మొదలు, అదే ఆఖరు.

"ముప్పయ్యేండ్ల సంది నీకు సద్ది కట్టిన. నువ్వు బాయి దిగిన ప్రతి దినం ప్రార్థన జేసిన. గీ ఇల్లు నీదొక్కనిదేనా? నన్నొక్క మాట అడిగినవా?"

మామ మంచం మీద కూర్చుని మెల్లగా అన్నాడు. "అడిగితే నువ్వు వద్దంటవు ఎలీసబెతూ. నువ్వు వద్దంటే నాకు ధైర్యం సాలదు."

ఆమె లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆ రోజు నుంచి మామతోనూ, కొడుకుతోనూ, నాతోనూ మాట్లాడలేదు. వండి పెట్టేది. వడ్డించి పక్కకు తిరిగేది. నాకు ఆమె మీద కోపం రాలేదు. ఆమె పోగొట్టుకున్నదేమిటో నాకు కనబడుతూనే ఉంది. నల్లా దగ్గర పలకరించే ఇరుగుపొరుగు, చర్చిలో తాను కూర్చునే జాగా, ఊరికి పెద్దగా ఉన్న పేరు. మేము ఆమెకు ఇవ్వబోయేది ఒక అద్దె గదీ, నీళ్ళున్నంతకాలమే నిలిచే కూలీ.

మామ తీసుకున్న ఆ నిర్ణయం మమ్మల్ని సుఖపెట్టిందని చెప్పను. కాలువ బందయిన నెలల్లో మా ఆయన కొమురవ్వ మడికట్లు చెక్కాడు, ఊళ్ళో మోటార్లు బాగుచేశాడు, ఒక ఎండాకాలం గడవక నేను చంటిబిడ్డను కొమురవ్వకు అప్పగించి బీడీలు చుట్టాను. ఆయన పని పర్మనెంటు కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. అప్పటికి మామ లేడు. కాని ఆ కట్ట మీద, డాక్టర్లు చెప్పినదానికంటే ఎక్కువ కాలమే బతికాడు. మనవరాలిని చంకనేసుకుని తిప్పాడు.

క్వార్టరు ఖాళీ చేసిన రోజు సంగతి చెప్పాలి. లారీలో సామాను ఎక్కించారు. మామ, మా ఆయన మంచాలు కడుతున్నారు. అత్తమ్మ కనిపించకపోతే వెతుక్కుంటూ పెరట్లోకి పోయాను. బొగ్గుపొడితో నల్లబడ్డ ఆ మట్టిలో ఆమె గొంతుక్కూర్చుని, గడ్డపారతో కరివేపాకు మొక్క చుట్టూ తవ్వుతోంది. వేరు తెగకుండా, మట్టి ఊడకుండా, పెద్ద గడ్డగా. నేను పక్కన కూర్చుని గోనెసంచి పరిచాను. ఇద్దరం కలిసి దాన్ని ఎత్తి సంచి మీద పెట్టాం. ఆమె సుతిలితాడు నోటితో తెంపి మొదలు చుట్టూ కట్టింది.

"గా కట్ట మీద గిది నాటుకుంటదా ఆనందమ్మా?" అన్నది, తల ఎత్తకుండానే.

"నాటుకుంటది అత్తమ్మా," అన్నాను.

ముడి ఇంకోసారి బిగించి, "అయితే లేవు. ఒక దిక్కు నువ్వు పట్టు," అన్నది.